ఎడమ చేతి జాగ్రత్తలు

జూన్ 3

నువ్వే. తెగిన చెయ్యి చూస్తే మొహం తిప్పుకుంటావు. సిలికాన్ చెయ్యి చూస్తే, అబ్బ ఎంత నాచురల్‌గా ఉందో అంటావు. నీ కంటికి ఇబ్బంది లేకపోతే లోకంలో నొప్పే లేదు. ఈ డైరీ ఎవరికీ రాయడం లేదు. అయినా ఎవరైనా తెరిస్తే తిట్టు ముందే తగలనీ.

జూన్ 4, సాయంత్రం

చెయ్యి కడగడం నేర్చుకున్నాను. గోరువెచ్చటి నీళ్లు, బేబీ సోప్. ముందు లోపలి చెమట జిడ్డు వదిలించాలి. వేళ్ల సందుల్లో మెత్తటి బ్రష్. రుద్దకూడదు, బట్టతో అద్దాలి. ఎండలో పెట్టకూడదు. సూది, కత్తెర, బాల్‌పెన్ను దగ్గరికి రాకూడదు. ఒంటిచేత్తో అవస్థ పడుతుంటే అత్తమ్మ లాక్కుని చంటిపిల్లకు పోసినట్టు నీళ్లు పోసింది. నా మనవడికి నీళ్లు పోసేటప్పుడు కూడా నువ్వింత అవస్థ పడలేదే అంది. వాడికి రెండు చేతులతో పోశానత్తమ్మా అన్నాను. ఆవిడ నవ్వలేదు.

జూన్ 9

మళ్లీ పనిలో చేరాను. బైండింగ్‌లో కాదు, ప్రెస్సు ముందు కౌంటర్‌లో. పేపరు కోసే మెషీన్ నా ఎడమ చెయ్యి తీసుకుంది కదా, ఎండీ గారు ఈ చెయ్యి కొనిపెట్టి, ఫొటో తీయించి ఇక్కడ కూర్చోబెట్టారు. ప్రెస్సు వార్షికోత్సవం బ్రోషర్ మొదటి పేజీలో ఆయనా నేనూ. నా భుజం మీద ఆయన చెయ్యి. అసలుది. కస్టమర్లంతా మీ ఎండీ దేవుడమ్మా అంటున్నారు. దేవుడికి మెషీన్ బ్లేడుకి అడ్డుగా ఓ గార్డ్ పెట్టించడం చేతకాదా?

జూన్ 12, మధ్యాహ్నం

చెమట. చెయ్యి తీసి కడిగి టేబుల్ మీద ఆరబెట్టాను. ప్రెస్సులో టిఫిన్ బాక్స్ పెట్టాలన్నా ముందు ఓ వేస్ట్ షీట్ పరుస్తాం. ఏళ్లనాటి అలవాటు. ఈసారి పరిచింది వేస్ట్ కాదు, అప్పుడే మెషీన్ దిగిన బ్రోషర్. ఇంకు ఆరలేదు. తీసి చూస్తే అరచేతిలో ఎండీ గారి మీసం.

జూన్ 12, సాయంత్రం

పోవడం లేదు. ఇంకును సిలికాన్ తాగేసింది. మెషీన్‌మాన్ థిన్నర్ ఇస్తానన్నాడు. వద్దన్నాను, మరకతోపాటు చెయ్యీ పాడవుతుంది. అత్తమ్మ సబ్బు సగం అరగదీసింది. మనిషిలాగే మీసమూ మొండిదే అంది. ఇద్దరం నవ్వాం.

జూన్ 13

ఎండీ గారు చూశారు. తన మీసం తాను గుర్తుపట్టలేదు. పదహారున వార్షికోత్సవానికి గెస్టులొస్తారు, మరక చేత్తో కౌంటర్‌లో బాగోదమ్మా, కొత్తది వచ్చేదాకా వెనక కూర్చో అన్నారు. చెయ్యి లేకుండానే కూర్చుంటానన్నాను. చూసేవాళ్లకి ఇబ్బంది కదమ్మా అన్నారు. తెగినప్పుడు ఎవరికి ఇబ్బందయిందని అడిగాను. ఫోన్ చూసుకున్నారు.

జూన్ 14

వెనక అంటే బైండింగ్. అదే మెషీన్. గార్డ్ లేదు. చెయ్యి లోపలుంటే బ్లేడు దిగకుండా ఆపే సెన్సార్‌కి టేపు అతికించేశారు. నా చోట ఇప్పుడు ఒకామె పనిచేస్తోంది. నోరు మూయదు, అందరూ రేడియో అంటారు. టేపెందుకని అడిగాను. సెన్సార్ పనిచేస్తే మెషీన్ మాటిమాటికీ ఆగిపోతుందక్కా, గెస్టులొచ్చేలోపు బ్రోషర్లన్నీ కోసెయ్యమన్నారు అంది. ఏమైనా అయితే నాకూ నీలాంటి చెయ్యి కొంటార్లే అని నవ్వింది.

సిలికాన్ చేతికి పేజీ నిండా జాగ్రత్తలు. పదునైనవాటికి దూరంగా ఉంచాలట! రేడియో చేతులకి ఒక్క లైనూ లేదు. ఈ ప్రెస్సులో కడిగి, ఆరబెట్టి, పదిలంగా దాచేది ప్రాణం లేని చేతిని. దీన్ని దయ అంటారు, ఫొటో తీస్తారు, మనచేత చప్పట్లు కొట్టిస్తారు. ఒంటిచేత్తో చప్పట్లెలా కొట్టను?

టేపు పీకేశాను. సూపర్వైజర్ మళ్లీ వేశాడు. మళ్లీ పీకాను. అప్పుడు రేడియో మెషీన్ ఆపి, స్టూలు జరుపుకుని నా పక్కన కూర్చుంది. టేపు ముక్కని ఉండ చుట్టి చెత్తబుట్టలో వేసింది.

జూన్ 15

ఎండీ గారి కబురు: రేపు చెయ్యి తొడుక్కుని, పైన గ్లవుజు వేసుకుని రా, కౌంటర్ నీదే. కాదంటే నువ్వూ రానక్కర్లేదు, రేడియో కూడా రానక్కర్లేదు.

జూన్ 16, ఉదయం

చెయ్యి పెట్టెలోనే ఉంది. రేడియో గేటు దగ్గర ఎదురుచూస్తోంది. గెస్టుల ముందు చదివేది ఇదే.

మెషీన్‌కి గార్డ్ పెట్టాలి.
ఎంత అర్జెంటు పనైనా సెన్సార్‌ని మూయకూడదు.
మెషీన్ ఆపినందుకు ఎవరి ఉద్యోగమూ పోకూడదు.
చెయ్యి తొడుక్కోవాలా వద్దా అన్నది నా ఇష్టం.
ఇవి జరిగేదాకా మెషీన్ ఆన్ చేయం.