దత్తుడికి దక్కని దొరతనం

చి. భీమశంకరానికి అమెరికా ఫ్రిస్కో నుంచి మీ నాన్న ఆశీస్సులు.

ఈ కార్డు రాయకుండా ఊరుకుందామనుకున్నాను గానీ ఒళ్ళు మండుతోంది. మీ అక్కా వాళ్ళ పక్కింటి ఎల్డెన్‌బర్గ్ ముసలాయనది జర్మన్ దొరల వంశం. గుర్రపు రౌతుల నుంచి బారన్ల దాకా ఎక్కి, ఆపై కౌంట్ల మెట్టు అందక ఆగారట. 1919లో ఆ హోదాలు రద్దయినా, మన దగ్గర జమీందారీలు పోయినా 'రాజావారు' అన్న పిలుపు మిగిలినట్టు, బిరుదు ఇంటిపేరులో మిగిలింది. ఈయన పెంపుడు కొడుకుని వంశవృక్షంలో చేర్చమంటే, "పేరైతే పెట్టుకోండి, బారన్ మాత్రం కాడు" అన్నారట జ్ఞాతులు. "మా ఇళ్ళల్లో దత్తుడికి గోత్రమే మారుతుందయ్యా!" అని ఆయన దగ్గర అరిచాను. అలాంటిది నువ్వు, నీ పెళ్ళి శుభలేఖలో మన ఇంటిపేరు వేయించవచ్చా అని అడుగుతావా? నిన్ను దత్తత తెచ్చుకున్నది ఇలా మొహమాటపడడానికా? పెద్ద అక్షరాల్లో వేయించు. ఇక్కడ మీ అమ్మకి మాగాయ పంపు.

నిన్న ఎల్డెన్‌బర్గ్ గోడ మీది వంశముద్ర దించి గ్యారేజీలో పెట్టాడు. నిచ్చెన నేను పట్టుకున్నాను.