లిఫ్టు తాళం, గ్రీకు వాదం

చిరంజీవి అమ్మడుకి,

పిన్ని ఆశీస్సులు. కుట్టుమిషను మీద కాగితం పెట్టి రాస్తున్నా, అక్షరాలు వంకరపోతే సర్దుకో. మా అపార్టుమెంటు అధ్యక్షుడు లిఫ్టుకి తాళం వేయించాడు. తాళంచెవి సొంత ఇళ్ళవాళ్ళకేనట, అద్దెవాళ్ళు మెట్లెక్కాలట. కింద వాటాలో ఉండేదాన్ని, నాకు లిఫ్టుతో పనేముంది? కానీ ఐదో అంతస్తులో అద్దెకుండే సంగీతం మాస్టారికి మోకాళ్ళు పనిచెయ్యవు. తాళం పడ్డప్పట్నుంచీ ఆయన నేలమీద కాలు పెట్టలేదు. కిటికీలోంచి పాఠం చెబుతుంటే, శిష్యులు వీధిలో నిలబడి పాడుతున్నారు. వచ్చేపోయే స్కూటర్లు హారన్లతో తాళం వేస్తున్నాయి.

నేను ఊరుకోను. నువ్వు కాలేజీలో తత్త్వశాస్త్రం చెబుతావుగా, దీనికేమైనా మందుందా?

ఇట్లు,
మీ పిన్ని

తా.క.: జవాబులో తత్త్వం తక్కువ, ఉపాయం ఎక్కువ ఉండేలా చూడు.

---

పిన్నికి నమస్కారాలు.

మందు ఉంది, కాకపోతే చాలా పాతది. వేల ఏళ్ళ కిందట గ్రీకుల ఏథెన్సు నగరంలో పౌరులంతా ఒకచోట చేరి, చేతులెత్తి తీర్మానాలు చేసుకునేవారు. ఆ ఊళ్ళోనే సోక్రటీసు అనే ఆయన బజారులో పెద్దమనుషుల్ని ఆపి చిన్న చిన్న ప్రశ్నలు అడిగేవాడు. న్యాయం అంటే ఏమిటి? ధైర్యం అంటే ఏమిటి? జవాబు చెప్పబోయి వాళ్ళే చిక్కుకుపోయేవారు. ఇవాళ మా తరగతిలో జరిగేదీ అదే. నువ్వూ మీ అధ్యక్షుణ్ణి అడుగు. అరవకు, అడుగు చాలు.

నీ అమ్మడు

---

అమ్మడూ,

నువ్వు చల్లగా ఉండాలి! మెట్ల దగ్గరే ఆపాను.

"అధ్యక్షుడుగారూ, లిఫ్టు అంటే ఏమిటండీ?"

"పైకి తీసుకెళ్ళేది."

"దేన్ని?"

"మనుషుల్ని."

"అద్దెవాళ్ళు ఏమిటండీ మరి?"

గబగబా మెట్లెక్కి వెళ్ళిపోయాడు. జేబులో లిఫ్టు తాళంచెవి ఉన్న సంగతే మర్చిపోయాడు పాపం. ఆ సంబరంలో వెనకాలే వెళ్ళి నీ ఉత్తరం కూడా ఆయనకి చదివి వినిపించాను. ఇప్పుడు ఎవరు కనబడినా అడగాలనిపిస్తోంది. పొద్దున ఒకావిడ గుడ్డ తెస్తే "జాకెట్టు అంటే ఏమిటి?" అన్నాను. గుడ్డ పట్టుకుని వేరే దర్జీ దగ్గరికి పోయింది.

మీ పిన్ని

తా.క.: ఆ సోక్రటీసుగారు చివరికి ఏమయ్యారో రాయలేదు. బాగానే స్థిరపడ్డారా?

---

పిన్నీ,

ఆయన మీద కేసు పెట్టి విషం తాగించారు. నువ్వు కాస్త నెమ్మదించు.

కంగారుగా,
అమ్మడు

తా.క.: నా ఉత్తరాలు ఎవరికీ వినిపించకు.

---

అమ్మడూ,

ఆ మాట ముందు చెప్పొద్దూ! నీ ఉత్తరం అందిన పూటే అధ్యక్షుడు పిలిచి టీ ఇచ్చాడు. ఆయన అటు తిరగ్గానే పూలకుండీలో పోశాను. మొక్క ఇంతవరకూ బాగానే ఉంది, అయినా కనిపెట్టి చూస్తున్నా.

అసలు సంగతి విను. ఆయన ఎక్కడో చదివి వచ్చి, "మీ ఏథెన్సులో ఆడవాళ్ళకి, పై ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళకి, బానిసలకి ఓటు లేదమ్మా. నువ్వు ఆడదానివి, పైగా అద్దెదానివి" అన్నాడు. నిజమేనా? నిజమైతే ఆ గ్రీకుల్ని నాకెందుకు అంటగట్టావు? ఆదివారం మీటింగు ఉంది. మాస్టారు కిందికి దిగేదాకా నేను వెనక్కి తగ్గను.

కోపంగా,
మీ పిన్ని

---

పిన్నికి,

నిజమే. అందరూ కలిసి ఊరిని ఏలుకోవచ్చన్న గొప్ప ఆలోచన వాళ్ళకి వచ్చింది. ఆ వెంటనే చుట్టూ ఒక గీత గీసేసి తాము మాత్రం లోపల నిలబడ్డారు. తర్వాతివాళ్ళు ఆలోచనని ఉంచుకుని, గీతని చెరుపుతూ వచ్చారు. మన ఓటు అలా పోట్లాడి తెచ్చుకున్నదే. రోమన్ల చట్టంలో ఒక మాట ఉంది: అందరికీ తగిలే విషయాన్ని అందరూ ఒప్పుకోవాలి. మొదట అది మైనరు పిల్లల ఆస్తి చూసే సంరక్షకుల గురించి పుట్టిన మాట. తర్వాతివాళ్ళు దాన్ని లాగి లాగి చట్టసభలదాకా తెచ్చారు. నువ్వు లిఫ్టుదాకా లాగు.

అమ్మడు

---

అమ్మడూ,

లాగాను. అద్దెవాళ్ళమంతా మీటింగుకి వెళ్ళి గోడవార నిలబడ్డాం. రోమన్ల మాట గట్టిగా చెప్పాను. అధ్యక్షుడు, "ఇది రోము కాదు. ఓనర్లే చేతులెత్తాలి" అన్నాడు. తాళం తీయాలని సగం మంది, వద్దని సగం మంది. సరిసమానం. అధ్యక్షుడు నవ్వుతూ, "ఇక నా ఓటు మిగిలింది" అని చెయ్యెత్తబోయాడు.

"ఒక్క ప్రశ్నండీ. ఓనరు అంటే ఎవరు?" అన్నాను.

"ఇల్లు ఎవరి పేరున ఉంటే వాళ్ళు."

"మీ ఇల్లు ఎవరి పేరున ఉంది?"

నేను మాటవరసకే అడిగాను, ఒట్టు! ఆయన మొహం మాత్రం పాలిపోయింది. వెనక కుర్చీలో కూర్చున్న ఆయన భార్య లేచి నిలబడింది.

"నా పేరున. మా నాన్న రాసిచ్చాడు. ఇన్నాళ్ళూ నా ఓటు ఈయన వేస్తున్నారన్నమాట," అని, చెయ్యెత్తి, "తాళం తియ్యండి. అద్దెవాళ్ళకీ ఓటు ఇవ్వండి," అంది.

సాయంత్రం మాస్టారు లిఫ్టు దిగి వచ్చి, వీధిలో అటూ ఇటూ నడిచారు. శిష్యులు పాడబోతే, "ఉండండర్రా, కాసేపు గాలి పీల్చుకోనివ్వండి," అన్నారు. నాకు కళ్ళు చెమర్చాయి. అద్దెవాళ్ళకీ ఓటొచ్చింది, కొత్త అధ్యక్షురాలు ఆవిడే.

తృప్తిగా,
మీ పిన్ని

తా.క.: పాత అధ్యక్షుడు దిగాలుగా వచ్చి, "ఇల్లు భార్య పేరున ఉన్న మగవాడి గురించి మీ గ్రీకులు ఏమన్నారమ్మా?" అని అడిగాడు. గ్రీకులదాకా ఎందుకని మేమే సర్దేశాం. అద్దెవాళ్ళ లెక్కలో ఆయనకీ ఓటు ఇచ్చాం.