ఈసారైనా రోలర్లు కాచావా?

తైయువాన్, మార్చి 3

ప్రియమైన పెయ్ గురువుగారికి,

రేకుల మిల్లు మోతకి పోయిన మీ చెవులకి ఫోను పనికిరాదు కాబట్టి ఈ ఉత్తరం. మెగ్నీషియం రేకులు నన్ను ఏడిపిస్తున్నాయి. కొలిమిలో నాలుగువందల డిగ్రీలకి వేడిచేసి రోలర్ల మధ్యకి పంపినా అంచులు పగిలిపోతున్నాయి. బాగా వచ్చిన ముక్క కూడా వంచితే పుటుక్కుమంటోంది. నెలాఖరుకి ఒక్క మంచి రేకైనా చూపించకపోతే మా ప్రయోగశాలలో ఈ పని ఆపేస్తారు. ఆరేళ్ల కష్టం గురువుగారూ! ఏం చెయ్యను?

మీ ఇంట్లో అమ్మగారు పువ్వుల్లా మలిచే ఆవిరి రొట్టెలు కలలోకొస్తున్నాయి.

మీ శిష్యురాలు
సూయున్

వెన్‌షీ, మార్చి 9

సూయున్ తల్లీ,

రేకు సరే, ఈసారైనా రోలర్లు కాచావా? పలచటి రేకు చల్లని రోలర్ని తాకగానే వేడంతా దానికిచ్చేస్తుంది. ఇక నీలాగే మొండికేస్తుంది. కాచాక రోలర్ మీద వెదురు చాప్‌స్టిక్ రుద్దు, పుల్ల మాడి గోధుమరంగు గీత పడాలి. ఒకేసారి నొక్కెయ్యకు. కొంచెం నొక్కు, మళ్లీ కొలిమిలో పెట్టు, రేకు అడ్డం తిప్పి మళ్లీ కొంచెం.

మా ఆవిడ రొట్టెలు పంపుతోంది. దారిలో గట్టిపడితే వాటిని కూడా రోలర్లలో పెట్టేవు!

పెయ్

తైయువాన్, మార్చి 27

ప్రియమైన గురువుగారూ,

అంచులు నున్నగా వచ్చాయి! లోహం లోపలి రేణువులు సన్నగా, ఒకే తీరుగా ఉన్నాయి. రేకు మునుపటికి రెట్టింపు సాగింది. పని నిలబడింది, మీ దయవల్ల. ఒక ముక్క పంపుతున్నాను.

కానీ 'ఈసారైనా' అన్న మీ మాట దగ్గర ఆగిపోయాను. తొమ్మిదేళ్ల కిందట మన షిఫ్టులో రేకులన్నీ పగిలిన రోజు, రోలర్లు కాచాల్సింది నేను. భోజనం నుంచి ఆలస్యంగా వచ్చి, కాచకుండానే కాచినట్టు బోర్డు మీద రాసేశాను. మీరేమో "నేనే ఎక్కువ నొక్కాను" అని అందరి ముందూ తలవంచారు. మిమ్మల్ని గేటు కాపలాకి పంపితే నేను నోరు మెదపలేదు.

మీకు తెలుసా గురువుగారూ? తెలిసే నా తప్పు మోశారా?

సిగ్గుతో
సూయున్

వెన్‌షీ, ఏప్రిల్ 5

పిచ్చిపిల్లా,

తెలుసు. చాప్‌స్టిక్ రుద్ది చూడటం నా పని. ఆ రోజు నీ రాత నమ్మి చూడలేదు. శిష్యుల తప్పు గురువుదే, మా మిల్లులో మొదట్నుంచీ అంతే. నా తప్పొకటి మా గురువూ మోశాడు. ఆయన ఉన్నన్నాళ్లూ నేను ఒప్పుకోలేదు.

ఇవాళ సమాధులు ఊడ్చి పోయిన పెద్దలకి పెట్టుకునే పండుగ. నీ రేకుని దోసిలిలా వంచాను, పగల్లేదు. అందులో మా ఆవిడ చేసిన రొట్టె పెట్టి మా గురువు సమాధి ముందుంచి, ముప్పై ఏళ్లుగా గొంతులో ఉన్నది చెప్పేశాను. నీ ఉత్తరం రాకపోతే నా నోరు పెగిలేది కాదు. చాలా సంతోషం తల్లీ.

నీ గురువు
పెయ్