మూడో నంబరు కప్పు

మార్చి 3, సోమవారం

మా రెండో నంబరు వాడు పడిపోయాడు. నిన్న బాత్రూంలో. పక్షవాతమట, ఎడమవైపు. వాడి కోడలు ఫోన్ చేసింది. ప్రాణానికి భయం లేదంది, మాట మాత్రం ముద్దగా వస్తోందంది. మామయ్యగారు మీతో మాట్లాడాలని ఒకటే గోల అంటూ ఫోన్ వాడి నోటి దగ్గర పెట్టింది. అంతసేపు గొణిగాడు, నాకు అర్థమైంది ఒక్క మాటే. "జరుగు."

మా ఆవిడ అదేం మాట అని అడిగింది. మా ఫిరంగి మాట అన్నాను.

ఫిరంగి దగ్గర మాకు పేర్లుండవు, నంబర్లే. ఒకటి ఆర్డరు వేస్తాడు. రెండు గొట్టం వెనకుండే తలుపు, అదే బ్రీచ్, తెరిచి మూస్తాడు. మూడు లేయర్, సైట్‌కి కన్ను ఆనించి గురి కుదురుస్తాడు. నాలుగు నేను, గుండు ఎక్కిస్తాను. ఐదూ ఆరూ మోసుకొచ్చి అందిస్తారు. ఎవరైనా పడిపోతే కింది నంబరు వాడు జరిగి ఆ జాగాలో నిలబడాలి. ఏడుపులూ పలకరింపులూ తర్వాత. యుద్ధం అయిపోయి మనవలు పుట్టినా మేం ఇంకా అలాగే జరుగుతున్నాం.

ఇప్పుడు నా వంతు. ఎక్కడికి జరగాలో తెలుసు కాబట్టే జరగబుద్ధి కావడం లేదు.

మార్చి 4, మంగళవారం

మా మూడు యుద్ధంలోనే పోయాడు. ఏటా వాడు పోయిన రోజున మాలో ఒకరు వాడి భార్య దగ్గరికి వెళ్ళి కాసేపు కూర్చుని రావాలి. ఒకటో నంబరాయన పెట్టిన రూలు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయనే వెళ్ళాడు. ఆయన పోయాక రెండు. ఐదూ ఆరూ మాకంటే ముందే టపా కట్టేశారు. మిగిలింది నేను.

ఇన్నేళ్ళూ ఏదో వంక పెట్టి తప్పించుకున్నాను. ఎందుకంటే అక్కడికి వెళ్తే అబద్ధం చెప్పాలి. వాడు సైట్ దగ్గర, గురి చూస్తూ పోయాడని మేం ఆవిడకి చెప్పుకొచ్చాం. అది నిజం కాదు. నా ముఖం చూసి నా చేతిలో ఏ పేకముక్క ఉందో మా ఆవిడ చెప్పేస్తుంది. నేనా అబద్ధమాడేది?

మార్చి 6, గురువారం

రెండుని చూసొచ్చాను. మూతి పక్కకి పోయింది. అధికారం మాత్రం ఎక్కడికీ పోలేదు. నన్ను మంచం పక్కన కూర్చోబెట్టుకుని పాఠం అప్పజెప్పించాడు. మూడు సైట్‌కి కన్ను ఆనించి ఉన్నాడు. "రెడీ" అన్నాడు. గుండొచ్చి పడింది. ఆవిడ పేరు తలుచుకున్నాడు. పోయాడు.

పేరు తలుచుకున్నాడన్నది ఎప్పుడు కలిపావురా అని అడిగాను. ఆవిడ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది, ఉత్త చేతులతో ఎలా వెళ్తాను అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ఆవిడ ఈ కథ మీదే ఇన్నేళ్ళు బతికింది, నువ్వెళ్ళి దాన్ని కూల్చావంటే నా ముఖం చూడకు అని. ముద్ద ముద్దగా అన్నా ఆ మాట స్పష్టంగానే వినబడింది.

మార్చి 9, ఆదివారం. తెల్లవారుజామున

నిద్ర రాలేదు. రాసేస్తే పోతుంది.

మేం దిగింది కోత అయిన పొలంలో. ఫిరంగిని రోడ్డు మీంచి లోపలికి లాగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. చక్రాలు దిగబడితే భుజాలు పెట్టాం. గొయ్యి తవ్వాం, వల కప్పాం. పేల్చినప్పుడు దుమ్ము లేస్తే శత్రువు పసిగడతాడని గొట్టం ముందు నేలంతా గోనెసంచులు తడిపి పరిచాం. మూడు పరుగెత్తి ఎరుపూ తెలుపూ పట్టీలున్న కర్రలు దూరంగా పాతి వచ్చాడు. సైట్‌లోంచి వాటిని చూసే వాడు గురి సరి చేసుకోవాలి. ఎన్ని గుండ్లు పేలినా, ఫిరంగి ఎంత ఎగిరిపడినా, మళ్ళీ ఆ కర్రల మీదికి వచ్చేవాడు. అంత నిదానస్తుణ్ణి నేను చూడలేదు. సైట్ రబ్బరుకి కన్ను ఆనించి ఆనించి కంటి చుట్టూ నల్లటి వలయం పడింది. స్నానం చేసినా పోయేది కాదు.

పేల్చేటప్పుడు నోరు తెరిచి ఉంచాలి, లేకపోతే చెవులకి దెబ్బ. ఆరుగురం నోళ్ళు తెరుచుకుని నిలబడితే పళ్ళ డాక్టరు కోసం ఎదురుచూస్తున్నట్టుండేది. ఆ మాట అన్నదీ వాడే. ఇంత జాగ్రత్త పడ్డా నా కుడి చెవి అక్కడే పోయింది.

వాడికి ఒకటే ఇబ్బంది. పేలుస్తున్నంతసేపూ రాయిలా ఉండేవాడు. ఆగమని ఆర్డరొచ్చి, మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీకుండా కూర్చోవాల్సి వస్తే మాత్రం కడుపులో తిప్పేది. డబ్బాలో నీళ్ళు పట్టుకుని కాలవ గట్టు వెనక్కి పరుగెత్తేవాడు. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. ఆ పొద్దున కూడా ఆగమన్నారు. వాడు డబ్బా తీసుకున్నాడు. నేను వెనకనుంచి ఏదో ఎగతాళి చేశాను, వాడు తిరిగి చూడకుండానే డబ్బా ఊపాడు. కాసేపటికి అవతలి గుండ్లు మొదలయ్యాయి. మా గోతిలో ఒక్కటీ పడలేదు. గట్టు వెనక ఒకటి పడింది.

అందరికంటే ముందు చేరింది నేనే. వాడి ఒళ్ళు వెచ్చగా ఉంది. ముఖం మీద గీత కూడా పడలేదు.

ఒకటో నంబరాయన వచ్చి చూశాడు. ముందు వాడి బట్టలు సరిచేశాడు. వాణ్ణి మోసుకొచ్చి సైట్ పక్కన పడుకోబెట్టమన్నాడు. ఆఫీసరు రాకముందే. "వీడు ఫిరంగి దగ్గర పోయాడు. ఇంకెవడైనా ఇంకోటి అంటే వాణ్ణి నేను పూడ్చేస్తా." అప్పుడే నన్ను జరగమన్నాడు. ఆ రోజంతా వాడి జాగాలో కూర్చుని గురి చూశాను. రబ్బరుకి వాడి చెమట వాసన.

మార్చి 12, బుధవారం

అద్దం ముందు ప్రాక్టీసు చేశాను. మా ఆవిడ చూసి ఏ డాక్టరుకి చూపించమంటారు అంది.

మార్చి 15, శనివారం. బస్సులో

ఇస్త్రీ చొక్కా. పళ్ళ బుట్ట ఒళ్ళో ఉంది. బస్సు బ్రేక్ డౌన్ అయితే బాగుండు.

మార్చి 16, ఆదివారం

బస్సు భేషుగ్గా నడిచింది.

వాళ్ళ వీధికి వాడి పేరే పెట్టారు. బోర్డు మీద పేరూ, పక్కన ఫిరంగి బొమ్మా. ఆ బొమ్మలో ఎడమవైపు ఉండాల్సిన సైట్‌ని కుడివైపున వేశారు, ఎవడు వేశాడో వాడి తలకాయ. తలుపు ఆవిడే తీశారు. నెరిసిన జుట్టు, సన్నగా, నిటారుగా ఉన్నారు. నాలుగో నంబరు గారా అన్నారు. అవునమ్మా అన్నాను.

ముందు గదిలో గోడ మీద వాడి పెద్ద పటం. పెయింటర్ చేత వేయించి ఆ వీధివాళ్ళే ఇచ్చారట. కోరమీసం, ఉబ్బిన ఛాతీ, ఎక్కడికో చూపు. మా మూడుకి మీసం సరిగ్గా మొలిచేది కూడా కాదు.

టీ ఇచ్చారు. రెండు ఆరోగ్యం అడిగారు. తర్వాత అసలు మాట వస్తుందని నేను పాఠం మననం చేసుకుంటుంటే, అన్నయ్యగారూ, ఆ రోజు ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో నాకెప్పుడూ బొమ్మ కట్టలేదు, కొంచెం చూపిస్తారా అన్నారు. హమ్మయ్య అనుకున్నాను. ఇది అబద్ధం లేని సంగతి. ఫిరంగి ఎలా పెడతారో నిద్రలో అడిగినా చూపిస్తాను.

నా గొడుగు బల్ల మీద పెట్టాను, అది ఫిరంగి. అడ్డంగా మడిచిన తువ్వాలు కాలవ గట్టు. చక్కెర డబ్బా ఒకటో నంబరాయన. ఇక కప్పులు పెట్టుకుంటూ పోయాను. ఇది రెండు, బ్రీచ్ దగ్గర. ఇది నేను. ఇవి ఐదూ ఆరూ, ఇక్కడ గుండ్లు. ఉత్సాహం వచ్చేసింది. గాలి ఎటు వీచిందో, ఎండ ఎటు పడిందో అన్నీ చెప్తున్నాను.

"అన్నయ్యగారూ, ఆ కప్పు అక్కడెందుకుంది?"

చూసుకున్నాను. మూడో నంబరు కప్పు తువ్వాలుకి అవతల, బల్ల అంచున ఉంది. నా చెయ్యే పెట్టింది. ఉన్నవాణ్ణి ఉన్నచోట పెట్టడమే ఆ చేతికి తెలుసు. పప్పులో కాలేశాను. గబగబా తీసి గొడుగు పక్కకి జరిపాను, కప్పు గలగలమంది. ఆవిడ మెల్లిగా దాన్ని తీసి మళ్ళీ తువ్వాలు అవతలే పెట్టారు.

ఒకటో నంబరుగారు చెప్పినప్పుడు వాళ్ళాయన మాట్లాడకుండానే పోయారట. రెండో నంబరుగారు రావడం మొదలెట్టాక ఆయన "రెడీ" అన్నారట. ఆ తర్వాత నీళ్ళడిగారట. ఆ తర్వాత ఆవిడ పేరు. ఏటేటా పోతూ పోతూ ఇంకో మాట ఎక్కువ మాట్లాడుతున్నారు, ఇంకొన్నాళ్ళు పోతే ఉపన్యాసం ఇస్తారేమో అన్నారు. నవ్వుతూనే అన్నారు. తర్వాత నవ్వలేదు. పెళ్ళయ్యాక కలిసి ఉన్నది ఒక్క సెలవేనట. ఇందరు ఇన్ని చెప్పేసరికి ఆవిడకి గుర్తున్న మనిషి ఎవరో ఆవిడకే అనుమానం వస్తోందట.

ఇంకేం అబద్ధమాడతాను. చెప్పేశాను. ఆగమన్నారని, కడుపులో తిప్పిందని, డబ్బా పట్టుకుని గట్టు వెనక్కి వెళ్ళాడని. ఆఖరి మాటలు లేవని. ఒక్కడే ఉన్నాడని.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. చంపేశానురా దేవుడా అనుకున్నాను. ఏడవడం లేదు, నవ్వుతున్నారు. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి, నవ్వు ఆగడం లేదు. పెళ్ళి రోజున అందరూ వచ్చి కూర్చున్నాక పెళ్ళికొడుకు కనబడలేదట. పారిపోయాడని మగపెళ్ళివాళ్ళే గగ్గోలు పెట్టారట. తీరా చూస్తే పెరట్లో ఉన్నాడట, కడుపు పట్టుకుని.

"గోడ మీదున్నాయన ఎవరో నాకు తెలీదు అన్నయ్యగారూ. మీరు చెప్పినాయన మా ఆయన."

తర్వాత నిజంగానే ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఒక్కడే ఉన్నాడా అని మళ్ళీ అడిగారు. ఒక్కడే, కానీ నేను వెంటనే వెళ్ళానమ్మా, వెచ్చగా ఉన్నాడు అన్నాను. టీ చల్లారిపోయిందని మళ్ళీ పెట్టారు. కప్పులన్నీ తీశారు గానీ తువ్వాలు అవతలిది తీయలేదు, నాకు స్టీలు గ్లాసులో ఇచ్చారు.

మార్చి 18, మంగళవారం

రెండుకి చెప్పాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. కూర్చున్నంతసేపూ కూర్చుని లేచాను. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి, ఆవిడ నవ్విందా నిజంగా, అని అడిగాడు. నిజంగానే అన్నాను. మళ్ళీ గోడవైపు తిరిగాడు.

మార్చి 23, ఆదివారం

కుడి చెవిలో హోరు. మిగతాదంతా మామూలే.

ఏప్రిల్ 2, బుధవారం. ఉదయం

ఆవిడ ఫోన్ చేశారు. పలకరింపు కూడా లేదు. ఆయన ఏ పక్కకి తిరిగి పడుకునేవారు అన్నారు.

ఎడమ పక్కకమ్మా, మోకాళ్ళు ముడుచుకుని అన్నాను.

 

"అయితే నాకు గుర్తున్నది ఆయనే," అన్నారు.