‘అబ్బాయి నాన్న’ పేరు విషయమై

1984 జూలై 29, ఆదివారం. శాంటా క్లారా.

సంబంధిత అధికారులకు, వారు ఏ శాఖకు చెందినవారైనప్పటికీ:

కొల్లాబత్తుల సుందర్ రాజ్ అను నేను, వయసు నలభై నాలుగు, వృత్తి కంపెనీ మాన్యువల్స్ రాయడం, పూర్తి స్పృహతోనూ తగినంత చిరాకుతోనూ ఈ రికార్డును ప్రారంభిస్తున్నాను.

పూర్వాపరాలు. 1941లో మా నాన్న సైన్యంలో చేరి సింగపూర్ వెళ్లారు. నేను ఏడాది పిల్లవాణ్ని. 1946లో ఒక సర్కారు ఉత్తరం వచ్చింది: తప్పిపోయారు, మరణించినట్టు భావిస్తున్నాము. భావిస్తున్నామన్నారు గానీ చూశామనలేదు కదరా అని మా అమ్మ దీనమ్మ వాదన. ఆ వాదనతోనే ఆమె నాతో అమెరికా కూడా వచ్చింది. ఇక్కడ తెలుగు ఆరాధన కోసం అద్దెకు తీసుకున్న చర్చి హాలులో, ప్రేయర్ రిక్వెస్టులు చెప్పమన్నప్పుడల్లా లేచి నిలబడుతుంది. అబ్బాయి నాన్న ఇంకా రాలేదండి, ప్రార్థన చేయండి అంటుంది. భర్త పేరు ఆమె ఎన్నడూ పలకలేదు. అబ్బాయిని నేను.

సింగపూర్‌లో యుద్ధ సమాధుల దగ్గర, దేహం దొరకనివాళ్ల పేర్లు గోడల మీద చెక్కారని నా కూతురు దెబోరా కాలేజీ లైబ్రరీలో చదివింది. పేరుంటే కాగితం మీద దించుకురా, లేకపోతే ఆయన వస్తారు, అంతే, అని అమ్మ తీర్పు చెప్పింది.

ఆగస్టు 2, మధ్యాహ్నం 3. సింగపూర్.

ఫిర్యాదు నం. 1: ఎండ. ఫిర్యాదు నం. 2: బ్యాక్‌ప్యాక్. హోటల్ బుక్ చేస్తానంటే, డాడీ, అది ట్రావెల్ కాదు, కాన్ఫరెన్స్, అని దెబోరా తిరస్కరించింది. ఆ కారణంగా ఎనిమిదిమంది నిద్రించే గదిలో పై మంచం నాకు కేటాయించబడింది. ఫ్యాన్ ఉన్నది. తిరగడం దాని ఇష్టం.

ఆగస్టు 3.

ఉత్తరాన గుట్ట మీది సమాధులకు బస్సులో వెళ్లాము. గోడల నిండా పేర్లు. చూసుకోవడానికి రిజిస్టర్లు ఉన్నాయి. ఇండెక్స్ విషయంలో ఇరవై ఏళ్ల అనుభవం గలవాణ్ని కనుక, ఇంటిపేరుతోనే వెతకాలని ఆదేశించాను. కె అక్షరం ఆసాంతం చూశాము. కొల్లాబత్తుల లేడు. మళ్లీ చూశాము.

ఆగస్టు 4.

కె అక్షరం, మూడోసారి. లేడు.

సాయంత్రం దెబోరా నన్ను పాత ఫిరంగుల కోటకు తీసుకెళ్లింది. అక్కడొక గదిలో మైనపు జనరళ్లు బల్ల చుట్టూ కూర్చుని లొంగుబాటు సంతకాలు చేస్తున్నారు. వారికి ఏసీ ఉన్నది. ఫిర్యాదు నం. 3: ఓడిపోయిన మైనానికి ఉన్న సదుపాయం బస్సులో తిరిగే పౌరుడికి లేదు. కరిగిపోతారు డాడీ, వాళ్లు, అని దెబోరా. నేను కరగనా?

ఆగస్టు 5, ఆదివారం.

పేరు లేనందుకు సంతోషం కలిగింది. దీనిని రికార్డు నుంచి తొలగించవలెను.

ఆగస్టు 6.

టిఫిన్ దగ్గర దెబోరా ఇడ్లీ తుంచుతూ, అసలు తాతని లాస్ట్ నేమ్ ఎవరు అడిగారు డాడీ, అంది. ఫారం నింపాలంటే అడగరా అన్నాను. అది మీకు, అమెరికా వచ్చాక. అప్పుడు తాతని నీ పేరేంటనే కదా అడిగుంటారు, తాత ఏం చెప్పుంటాడు, అంది.

ఇరవై ఏళ్ల అనుభవం గలవాణ్ని ఇడ్లీ వదిలేసి బస్సెక్కాను.

జె అక్షరం. అరనిమిషం పట్టింది. జయరాజు. మద్రాసు ఇంజనీర్ల దళం. తండ్రి పేరు మా తాతది. భార్య, దీనమ్మ. ఊరు మాది. ఆ సైన్యపు గుమాస్తా సరిగ్గానే రాసుకున్నాడు. మూడుసార్లు తప్పు అక్షరంలో ఆయనను వెతికించింది నేను.

గోడ మీద ఆ పేరు నా తలకంటే ఎత్తున ఉన్నది. దెబోరా నా భుజాల మీదికెక్కి ట్రేసింగ్ పేపర్ ఆనించి పెన్సిల్ రుద్దింది. కదలకండి డాడీ, కదిలితే తాత వంకరగా వస్తాడు, అంది. కదలలేదు. ఎండ గురించి నేడు ఫిర్యాదు లేదు.

ఆగస్టు 9. శాంటా క్లారా.

అమ్మకు కాగితం ఇచ్చాను. ఇంగ్లీషు రాదు. దెబోరా ఆమె వేలు పట్టుకుని ఒక్కొక్క అక్షరం మీద పెట్టించి చదివించింది. అమ్మ పెదవులు కదిలాయి. మడత పెట్టి బైబిల్లో దాచుకుంది. విమానంలో అన్నం పెట్టారా, చిక్కిపోయావేంట్రా, అని అడిగింది. ఫిర్యాదు నం. 4: రావలసిన ఏడుపు రాలేదు. రాత్రంతా ఆమె గదిలో దీపం వెలుగుతూనే ఉన్నది.

ఆగస్టు 12, ఆదివారం.

ప్రేయర్ రిక్వెస్టులు చెప్పమన్నారు. అమ్మ లేచింది. ఏమంటుందో తెలుసు గనుక హాలంతా ముందే తలలు వంచింది.

జయరాజు గారు వచ్చేశారండి, అంది. కూర్చుంది.

డిమాండ్ నం. 1: నలభై మూడేళ్ల డ్యూటీ నుంచి దీనమ్మ గారిని ఈ రోజుతో, పూర్తి గౌరవంతో, విడుదల చేయవలెను.