కొబ్బరికాయల గది

మామిడికుదురు,
12-8-79

చి.సౌ. నాగరత్నానికి అత్తయ్య దీవెనలు.

మీ అమ్మగారికి జ్వరం తగ్గిపోయిందని ద్రాక్షారామం నుంచి వచ్చిన గాజులాయన చెప్పాడు. సంతోషం. ఎప్పుడొస్తావని నేను అడగను. ఇక్కడి సంగతి ఒకటి చెబుదామని రాస్తున్నాను.

కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి నువ్వు నా పక్కన చాప మీదా, అబ్బాయి అరుగు మీదా పడుకున్నారు. ఉన్న ఒక్క గదిలోనూ నేను కొబ్బరికాయలు పోయించాను కదా. నువ్వు అడగలేదు. అది అడిగే మాట కాదు కూడా. ఇప్పుడు ఆ కాయలన్నీ వసారాలోకి మార్పించి, గదిలోకి మంచం చేయించాను. టేకు మన తాహతు కాదు, మామిడి చెక్కే.

వడ్రంగి వీరాచారి గది కొలిచి, "ఇద్దరికీ ఇరుకవుద్దండి అమ్మగారూ" అన్నాడు. "కొత్త కాపురానికి ఆ మాత్రం ఇరుకు ఉండాలిలే" అన్నాను. అబ్బాయి సిగ్గుపడి పెరట్లోకి పోయాడు.

తీరా మంచం బిగించాక అది అడ్డొచ్చి తలుపు లోపలికి తెరుచుకోలేదు. వీరాచారి తలుపు ఊడదీసి, బయటికి తెరుచుకునేలా మార్చి, "గడియ ఎప్పట్లాగే బయటేనాండీ?" అని అడిగాడు. కాయలు పోతాయని ఇన్నేళ్ళూ అది బయటే ఉండేది.

లోపల పెట్టమన్నాను. అబ్బాయిని లోపలికి పంపి వేయించి చూశాను కూడా. బయటినుంచి నేనెంత లాగినా రాలేదు.

ఇట్లు,
అత్తయ్య