మచ్చ లేని చేతులు

నాయినా,

నీ దగ్గర వెండి పని నేర్చుకున్న తండా పిల్ల జమున, వాళ్ళ నానమ్మ వేసుకున్నటువంటి నగలే చేసి ఇవాళ జహీరాబాద్‌లో ప్రదర్శన పెట్టింది. నువ్వు పోయాక మన ఊరి వెండి పని చూడ్డానికి ఇంతమంది రావడం ఇదే మొదలు. ఏదైనా వంక దొరుకుతుందేమోనని నేనూ వెళ్ళాను. దొరకలేదు. ప్రతి అతుకూ నువ్వు పెట్టినట్టే ఉంది.

నేను కొలిమి దగ్గరికి వస్తే, "చేతులు కాల్తయి బిడ్డా, లోపలికి పో" అనేవాడివి. దాన్ని మాత్రం పక్కన కూర్చోబెట్టుకున్నావు.

నన్ను చూడగానే జమున తన వేళ్ళు చాచింది. "అక్కా, ఈ మచ్చలన్ని మీ నాయిన దగ్గర పడ్డయే" అంది, మురిసిపోతూ.

నా చేతులు కొంగులో దాచుకున్నాను. వాటి మీద ఒక్క మచ్చ కూడా లేదు నాయినా.